సారుంగ్ అంటే ఆరు

పిల్లలూ! మీరు సరిగా చెప్పిన జవాబును మీ పంతులుగారు తప్పని కొట్టివేసి, పైగా కోప్పడితే మీకు ఎట్లా ఉంటుంది? చాలా కష్టంగా ఉంటుంది కదూ? ఒకప్పుడు ఒక చిన్న పిల్లవాడికి ఆ కష్టం నావల్లనే కలిగింది. నేను ముప్ఫైనాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. చెప్పిన పాఠాలు చాలావరకు మరచిపోయాను. కాని ఆ పిల్లవాడి దగ్గర నేర్చుకున్న పాఠం మాత్రం మరవలేదు. ఆ సంగతీ, ఆ పాఠం నేర్పిన గోండు గూడెం సంగతీ మీకు చెబుతాను.

మాది కరీంనగరు జిల్లా. మా ఊళ్ళో పెద్దలు ఉత్తర దిక్కుకు చెయ్యి చూపించి, "గోదావరి దాటితే ఆదిలాబాదు అడవి," అనేవారు. ఆ అడవిని గురించి మేము విన్నవి రెండే మాటలు: పులులు ఉంటాయి, చలిజ్వరం వస్తుంది. అందుచేత 1984లో నాకు ఆ అడవిలోని ఒక గోండు గూడెంలో ఉపాధ్యాయుడి ఉద్యోగం వచ్చిందనేసరికి మా ఇంట్లో సంతోషమూ, దిగులూ సమానంగా వచ్చాయి. అమ్మ డబ్బా నిండా సకినాలు పోసి ఇచ్చి, "పైలం బిడ్డా, కాచిన నీళ్ళే తాగు," అని పదిసార్లు చెప్పింది.

అప్పుడు ఆషాఢమాసం. బస్సు జగిత్యాల, ధర్మపురి దాటి రాయపట్నం వంతెన ఎక్కింది. క్రింద గోదావరి ఎర్రనీళ్ళతో నిండుగా పోతున్నది. వంతెన దిగి లక్సెట్టిపేట మీదుగా పోయి జన్నారం దాటామో లేదో, రోడ్డుకు రెండువైపులా టేకుచెట్లు మొదలైనాయి. ఒక్కొక్క ఆకు విస్తరంత ఉన్నది. వాన చినుకులు ఆ ఆకులమీద పడుతూంటే ఎవరో డప్పులు వాయిస్తున్నట్లున్నది. ఉట్నూరులో బస్సు దిగి, జీపులో జైనూరు చేరి, అక్కడినుంచి ఎడ్లబండి మీద గూడేనికి పోయాను. ఆనాడు అదంతా ఒకే ఆదిలాబాదు జిల్లా. 2016లో దాన్ని ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమ్రంభీం ఆసిఫాబాద్ అని నాలుగు జిల్లాలు చేశారు.

గూడెం పేరు మాత్రం చెప్పను. ఈ కథలోని పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై అక్కడే ఉన్నాడు. "ఫలానావాడు వీడే" అని అందరూ వేలెత్తి చూపితే అతనికి బాగుండదు.

ఆ గూడెంలో ముప్ఫై ఇళ్ళుండేవి. టేకు గుంజలు పాతి, వెదురు తడికలు కట్టి, మట్టీ పేడా మెత్తి కట్టిన ఇళ్ళు. వాకిళ్ళు అద్దంలాగా అలికి ఉండేవి. నేను దిగేసరికి గూడెం పటేలు ఎదురొచ్చి, "రాం రాం సారూ," అన్నాడు. ఆయన వెనక ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి "రాం రాం" అన్నారు. కాళ్ళు కడుక్కోవటానికి ఒక పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చింది. పటేలు తన ఇంటి పంచనే ఒక గది నాకు ఇచ్చాడు. అద్దె మాట ఎత్తితే నవ్వి ఊరుకున్నాడు.

మీకు గడియారం చూడనిదే తెల్లవారినట్లు తోచదు. అక్కడ తిరగలి చప్పుడే గడియారం. ఇంకా చీకటి ఉండగానే ఇంటింటా జొన్నలు విసిరేవారు. తరువాత ఆడవాళ్ళు నెత్తిమీద బిందెలు పెట్టుకుని వాగుకు పోయేవారు. జొన్న గట్క, పప్పు తిని మగవాళ్ళు ఎడ్లను తోలుకుని చేలకు పోయేవారు. ఎండకాలంలో ఇప్పచెట్ల క్రిందనే తెల్లవారేది. ఇప్పపూలు రాత్రి విచ్చుకుని తెల్లవారేలోపల రాలుతాయి. పశువులూ, జింకలూ తినకముందే ఏరుకోవాలి. వాటిని ఎండబోసి దాచుకుంటే కరువుకాలంలో తిండికి పనికివస్తాయి. గింజలనుంచి నూనె తీస్తారు. "ఒక్క ఇప్పచెట్టు ఉంటే ఒక పాడిబర్రె ఉన్నట్టే సారూ," అని పటేలు అనేవాడు.

నా బడి ఒక గడ్డికప్పు పాక. ఇరవైరెండుమంది పిల్లలు, ఒక నల్లబల్ల, ఒక పంతులు. వాళ్ళ ఇంటి భాష గోండి. సంతలో విని విని తెలుగు కొంచెం అర్థమయ్యేది గాని మాట్లాడటం వచ్చేది కాదు. నాకేమో గోండి ఒక్క ముక్క రాదు. అయినా నాకు దిగులు కలగలేదు. "వాళ్ళే తెలుగు నేర్చుకుంటారులే," అనుకున్నాను. నేను నేర్చుకోవాలన్న ఊహే తట్టలేదు.

శ్రావణమాసంలో ఒకనాడు లెక్కలు చెబుతున్నాను. పిల్లలకు తెలిసిన వస్తువులతో లెక్కలు మొదలుపెట్టాలని మాకు శిక్షణలో చెప్పారు. అందుకని ఒక్కొక్కరినీ, "మీ ఇంట్లో ఎడ్లు ఎన్ని?" అని అడుగుతూ వచ్చాను.

ఒకడు, "రండ్," అన్నాడు. పాపం, "రెండు" అనటం రాలేదనుకుని, "రెండు, సరే," అని వ్రాశాను. ఇంకొకతె, "నాలుంగ్," అన్నది. "నాలుగు" కాబోలు, నాలుక తిరగటం లేదనుకున్నాను. అట్లా నలుగురైదుగురు అయిన తరువాత, రెండో తరగతిలో చివర కూర్చునే ఒక పిల్లవాడి వంతు వచ్చింది. వాడు లేచి నిలబడి ఠక్కున, "సారుంగ్!" అన్నాడు.

"సారూ అని తరువాత పిలుద్దువుగాని, ముందు ఎడ్లెన్నో చెప్పు," అన్నాను.

"సారుంగ్," అన్నాడు మళ్ళీ.

పిల్లలు కిసుక్కున నవ్వారు. వాడు నన్ను ఎగతాళి చేస్తున్నాడని నాకు తోచింది. నాకు ఇరవైనాలుగేళ్ళు, కొత్త ఉద్యోగం, ఎవరైనా నవ్వితే సహించే వయసు కాదు. "వేళాకోళంగా ఉన్నదా? పో, బయట నిలబడు!" అని కేక వేశాను. వాడు కదలకుండా నా ముఖంలోకి చూశాడు. తరువాత మెల్లిగా చూరు క్రిందికి పోయి నిలబడ్డాడు. కాస్సేపటికి వాన మొదలైంది. బడి వదిలి చూసేసరికి చూరు క్రింద వాడు లేడు.

మరునాడు వాడు బడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఎనిమిది రోజులైంది. "జ్వరం వచ్చిందేమో," అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, పోయి చూడటానికి నా మనసు ఒప్పలేదు.

ఇంతలో పొలాల అమావాస్య వచ్చింది. ఇది ఎడ్ల పండుగ. ఆ రోజున ఎడ్ల మెడమీద కాడి పెట్టరు. వాగులో వాటిని శుభ్రంగా కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి ఊరేగిస్తారు. మంచి భోజనం పెడతారు. ఏడాది పొడుగునా మనకోసం పనిచేసినవాటికి ఒక్కరోజు మనం సేవ చేయటమన్నమాట. పటేలు నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పాడు. అట్లా ఆ పిల్లవాడి ఇంటికి కూడా పోయాము.

వాడు మమ్మల్ని చూడలేదు. వాకిట్లో ఎడ్లు వరుసగా కట్టివేసి ఉన్నాయి. వాడు చేతిలో రంగుముంత పట్టుకుని, ఒక్కొక్క ఎద్దు కొమ్ముకూ రంగు పూస్తూ, దాని వీపు తట్టి పైకి లెక్కపెడుతున్నాడు:

"ఉండి... రండ్... ముంద్... నాలుంగ్... సయ్యుంగ్... సారుంగ్!"

నేను కూడా లెక్కపెట్టాను. ఎడ్లు ఆరు.

నా కాళ్ళు అక్కడే నిలిచిపోయినాయి. వాడు ఆనాడు జవాబు సరిగానే చెప్పాడు. ఒక్కసారి కాదు, రెండుసార్లు చెప్పాడు. ఆరు అన్నందుకు నేను వాణ్ణి వానలో నిలబెట్టాను. "రండ్", "నాలుంగ్" మన మాటలకు దగ్గరగా ఉన్నాయి గనక సరేనన్నాను. "సారుంగ్" నాకు తెలియదు గనక తప్పన్నాను. నాకు తెలియకపోవటం వాడి తప్పయింది!

వాడు నన్ను చూసి ఎద్దు చాటుకు పోయాడు. వాళ్ళ నాయన నులకమంచం వాల్చి, "కూర్చో సారూ," అన్నాడు. ఒక్క నిష్ఠూరపు మాట కూడా అనలేదు. అనివుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నేను ఎడ్ల దగ్గరికి పోయి, మొదటిదాని వీపు తట్టి, "ఉండి," అన్నాను. రెండోదాన్ని తట్టి, "రండ్," అన్నాను. మూడోదాని దగ్గర ఆగిపోయాను. ఎద్దు చాటునుంచి సన్నగా, "ముంద్," అని వినిపించింది. నాలుగోదాని దగ్గర ఇద్దరం కలిసి అన్నాము. ఆరోదాని దగ్గరికి వచ్చేసరికి వాడు బయటికి వచ్చి నా పక్కనే నిలబడి ఉన్నాడు. "సారుంగ్ అంటే ఆరు. ఆనాడు నువ్వు చెప్పింది సరే. నాదే తప్పు," అన్నాను. పటేలు ఆ మాటను గోండిలో చెప్పాడు.

మరునాడు వాడు బడికి వచ్చాడు. నేను నల్లబల్లమీద నిలువుగా ఒక గీత గీసి, ఒక వైపు మన అంకెలూ, రెండో వైపు వాళ్ళ అంకెలూ వ్రాశాను. నేను "సయ్యుంగ్" అన్న తీరుకు బడి అంతా పగలబడి నవ్వింది. ఈసారి నాకు కోపం రాలేదు. ఆ పిల్లవాడే లేచి నా ఉచ్చారణ దిద్దాడు. ఆ రోజునుంచీ వాళ్ళు నాకు రోజుకు రెండు మాటలు చెప్పాలి, నేను వాళ్ళకు రెండు మాటలు చెప్పాలి అని ఒప్పందం చేసుకున్నాము. కన్ను వాళ్ళ భాషలో "కన్". చేయి "కయ్". చెవి "కెవి". ఇల్లు "రోన్". ఊరు "నార్". నీళ్ళు "ఏర్". మనం వాగును ఏరు అంటాము చూశారా, నీళ్ళున్నచోటే ఏరు!

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ సాయంత్రం పాత హాజరుపట్టీలు తీసి చూశాను. వాటిలో ఎర్రసిరాతో కొట్టివేసిన పేర్లు పదకొండు ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా, "చదువుమీద ఆసక్తి లేదు," అని వ్రాసి ఉన్నది. ఆ పదకొండుమందిలో ఎందరు "సారుంగ్" అని బయట నిలబడ్డారో ఎవరికి తెలుసు? నేను పదకొండు ఇళ్ళకూ పోయాను. నలుగురు తిరిగి వచ్చారు. మిగతావాళ్ళు అప్పటికే పశువులు కాస్తున్నారు, కూలికి పోతున్నారు. ఇద్దరు ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు కూడా అయిపోయినాయి. ఆ ఏడుగురి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇట్లా నేను గోండి నేర్చుకుంటున్నానని తెలిసి పటేలు ఒక రాత్రి నెగడు దగ్గర కూర్చుని, "మీకంటే ముందు ఒక తెల్లదొర మా మాట నేర్చుకున్నడు సారూ," అని చెప్పాడు. ఆ కథ మీరూ వినవలసిందే.

గోండుల భూములు ఇతరుల పాలైపోతున్న రోజుల్లో కుమ్రం భీం అనే వీరుడు తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసులు ఆయనను కాల్చి చంపారు. ఆ తరువాత గోండుల కష్టాలకు కారణమేమిటో తెలుసుకోవటానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి పంపింది. ఆయనది ఆస్ట్రియాదేశంలోని వియన్నా నగరం. ఆయన, ఆయన భార్య బెట్టీ, జైనూరు దగ్గరి మార్లవాయి గూడెంలో పాక వేసుకుని గోండుల మధ్య నివసించారు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు అచ్చువేశారు. అంటే నేను నా తప్పు తెలుసుకోవటానికి నలభై ఏళ్ళకు ముందే, నాకు కూతవేటు దూరంలో, పిల్లల భాషలో చదువు చెప్పటం జరిగిందన్నమాట! బెట్టీ 1987లో హైదరాబాదులో చనిపోతే ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయారు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి భార్య సమాధి పక్కనే ఉంచారు. ఇప్పటికీ గోండులు అక్కడికి వచ్చి పూలు పెట్టిపోతారు.

నేను ఆ గూడెంలో ఆరేళ్ళున్నాను. వాళ్ళ మాట వచ్చిన కొద్దీ వాళ్ళ బతుకు నాకు అర్థం కాసాగింది. అంకెలనే చూడండి. గోండులలో నాలుగు పెద్ద కుదుళ్ళు ఉన్నాయి. వాటిని సగలంటారు. నాలుగు దేవతలవారు, ఐదు దేవతలవారు, ఆరు దేవతలవారు, ఏడు దేవతలవారు. ఆరు దేవతలవారి సగ పేరు "సార్వెన్ సగ". ఒకే సగవాళ్ళు అన్నదమ్ముల వంటివారు గనక వాళ్ళలో వాళ్ళకు పెళ్ళిళ్ళు కావు. అంటే అక్కడ పిల్లవాడికి అంకెలు పలకమీదికి రాకముందే ఇంట్లో ఉంటాయి. తాను ఎవరో, ఎవరు తనకు చుట్టమో, అంకెలే చెబుతాయి!

వాళ్ళ పురాణాలు పుస్తకాలలో లేవు. ప్రధానులనేవారు కిక్రి అనే మూడు తీగల వాయిద్యం వాయిస్తూ వాటిని పాడతారు. చిత్రమేమంటే, ప్రధానుల ఇంటి భాష మరాఠీ, పాడేది గోండిలో. పక్కనే ఉండే కొలాముల భాష కొలామి. లంబాడీలది లంబాడీ. జైనూరు సంతలో ఒక మూల నిలబడితే తెలుగు, ఉర్దూ కలుపుకుని ఆరు భాషలు వినిపించేవి. అక్షరం రాని ముసలివాళ్ళు మూడు భాషల్లో బేరం చేసేవారు. రెండు భాషలు వచ్చిన నేనే చదువుకున్నవాణ్ణని గర్వపడ్డాను!

దీపావళి వచ్చిందంటే దండారి. గుస్సాడీలు నెమలి ఈకల పెద్ద కిరీటాలు పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని, డప్పులకు తగ్గట్టుగా నాట్యం చేస్తారు. ఒక గూడెంవాళ్ళు దండు కట్టి ఇంకొక గూడేనికి చుట్టాలుగా పోతారు. అక్కడివాళ్ళు వాళ్ళందరికీ కాళ్ళు కడిగి అన్నం పెడతారు. ఇంకొకప్పుడు వీళ్ళు వాళ్ళకు పెడతారు. ఒక ఏడు పంటలు సరిగా లేవు. అయినా దండారి వచ్చింది. "జొన్నలు సగమే ఉన్నయి గద, ఎట్లా పెడతరు?" అని పటేలును అడిగాను. "సగమున్నయని వాళ్ళకు తెలుసు సారూ. వాళ్ళు సగమే తింటరు," అన్నాడు. మార్లవాయికి చెందిన కనక రాజు ఈ గుస్సాడీ నాట్యాన్ని ఎందరికో నేర్పారు. ఆయనకు 2021లో పద్మశ్రీ బిరుదు వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.

పంటలు ఇంటికి చేరిన తరువాత పెద్దవాళ్ళు కూడా కొందరు రాత్రిపూట నా లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దేవారు. తరువాత ఎన్నో ఏళ్ళకు నేను క్యూబా దేశాన్ని గురించి చదివినప్పుడు ఆ లాంతరే గుర్తుకు వచ్చింది. క్యూబా మనకు చాలా దూరం. అమెరికా ఖండాల మధ్య సముద్రంలో ఉన్న ద్వీపం. 1961ని ఆ దేశంవాళ్ళు చదువుల సంవత్సరంగా ప్రకటించారు. సుమారు లక్షమంది విద్యార్థులు, మీకంటే కొంచెం పెద్దవాళ్ళు, తలా ఒక లాంతరూ, ఒక ఊయల పడకా, వాచకాలూ తీసుకుని పల్లెలకు పోయారు. పగలు ఆ ఇంటివాళ్ళతో కలిసి చేలో పనిచేశారు. రాత్రి లాంతరు వెలుగులో వాళ్ళకు చదువు చెప్పారు. ఒక్క ఏడాదిలో ఏడు లక్షలమందికి పైగా చదవటం, వ్రాయటం నేర్చుకున్నారు. ఆ పట్నం పిల్లలు పల్లెటూరి జీవితమంటే ఏమిటో అప్పుడే తెలుసుకున్నారు. అయితే అక్కడ గురువుదీ శిష్యుడిదీ ఒకే భాష, స్పానిష్. మా గూడెంలో లాంతరు ఒక్కటే చాలలేదు. భాష అనే ఇంకొక దీపం కూడా కావలసివచ్చింది.

ఇక అసలు విచిత్రం వినండి. "ఆరు" ఎక్కడ, "సారుంగ్" ఎక్కడ, రెండింటికీ పొత్తేమిటి అని నేను చాలాకాలం అనుకునేవాణ్ణి. పెద్దపంతులు నైన తరువాత భాషాశాస్త్రం పుస్తకాలు చదివితే గుట్టు తెలిసింది. తెలుగు, గోండి, తమిళం, కన్నడం అన్నీ ద్రావిడ కుటుంబానికి చెందినవే. ఆ కుటుంబంలో తెలుగూ గోండీ ఒకే శాఖలోవి. అంటే మన భాషకు తమిళంకంటే గోండి దగ్గరి చుట్టం! మన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి వంటి పండితులు ఈ భాషల మాటలను పక్కపక్కన పెట్టి పరిశోధించారు. వెనకటికి ఐదు, ఆరు అనే మాటల మొదట "చ" వంటి ధ్వని ఒకటి ఉండేదట. తెలుగులో అది జారిపోయింది. ఆదిలాబాదు గోండిలో అది "స"గా మిగిలింది. ఇప్పుడు "సయ్యుంగ్", "సారుంగ్" అన్న మాటలలో మొదటి "స"ను మీ బొటనవేలితో మూసి చదవండి. "అయ్యుంగ్", "ఆరుంగ్" అని మిగులుతాయి. ఐదూ, ఆరూ కనబడటం లేదూ? గోండి మాట్లాడే ఇతర ప్రాంతాలలో ఈ "స" కొన్నిచోట్ల "హ" అయింది. ఇంకా కొన్నిచోట్ల మనకు లాగానే జారిపోయింది.

చూశారా! ఆ పిల్లవాడు చెప్పిన మాట పరాయి మాట కాదు. మన మాటే, మనం పారేసుకున్న అక్షరాన్ని దాచుకుని ఉన్న మాట. నేను తప్పన్నది మా మాటకు అన్నగారిని!

2011 జనాభా లెక్కల్లో గోండి తమ భాష అని చెప్పుకున్నవారు దేశంలో సుమారు ముప్ఫై లక్షలమంది. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కొలామి, కోయ, సవర మొదలైన ఎనిమిది భాషల్లో పిల్లలకు తొలి చదువు చెప్పే పని మొదలుపెట్టింది. 2006లో నార్నూరు దగ్గరి గుంజాల గూడెంలో గోండి లిపిలో వ్రాసిన పాత పుస్తకాలు వెలుగులోకి వచ్చాయి. అప్పటికి ఆ లిపి చదవగలిగిన పెద్దలు కొద్దిమందే. వాళ్ళు పిల్లలకు నేర్పటం మొదలుపెట్టారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో కూడా చేరింది. అంటే కంప్యూటరులోనూ, ఫోనులోనూ ఆ అక్షరాలు వ్రాసుకోవటానికి దారి ఏర్పడింది.

నిరుడు పొలాల అమావాస్యకు నేను మళ్ళీ ఆ గూడేనికి పోయాను. ఇప్పుడు అక్కడికి తారురోడ్డు ఉన్నది. గడ్డికప్పు బడి పోయి డాబా వచ్చింది. ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. పత్తి, జొన్న పండిస్తాడు. ఎడ్లు రెండే మిగిలాయి. దున్నటానికి ట్రాక్టరు వస్తున్నది. కాని ఆ రెండింటి కొమ్ములకూ రంగు తళతళలాడుతున్నది.

"యాదికున్నదా సారూ?" అన్నాడు.

"నాకు యాదికున్నది. నీకు?" అన్నాను.

"ఆనాడు చూరు కింద నిలబడ్డప్పుడే ఇక బడికి పోవద్దనుకున్న. మీరు ఎడ్లకాడికి రాకపోతే ఎడ్లకాడనే ఉందును," అన్నాడు. పదో తరగతిదాకా చదివి, ఊరివాళ్ళ దరఖాస్తులు అన్నీ ఇప్పుడు అతనే వ్రాస్తాడట.

అతని చిన్నకూతురు అయిదో తరగతి. నాకు వినిపించటానికి "వన్, టూ, త్రీ" అని ఇంగ్లీషులో నూరుదాకా గడగడా చెప్పింది. తెలుగులోనూ చెప్పింది. "మరి గోండిలో?" అన్నాను. "ఉండి, రండ్, ముంద్, నాలుంగ్" దాకా చెప్పి ఆగి, తండ్రి ముఖంలోకి చూసింది. అతను ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నలభై ఏళ్ళనాడు ఎద్దు చాటునుంచి నాకు అందిన మాట ఈసారి నేను అందించవలసివస్తుందా అని నాకు గుండె గుబగుబలాడింది. ఆ పిల్ల పెదవులు కదిపి, కళ్ళు మూసుకుని, "సయ్యుంగ్... సారుంగ్... యేడుంగ్!" అన్నది. ముగ్గురం నవ్వాము.

పిల్లలూ, మీ తరగతిలో ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడండి. గోండి కావచ్చు, లంబాడీ కావచ్చు, ఉర్దూ, మరాఠీ, హిందీ, ఒడియా కావచ్చు. వాళ్ళ దగ్గర ఒకటినుంచి ఏడుదాకా అంకెలు అడిగి నేర్చుకోండి. మీరు తప్పు పలికితే వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ తరువాత వాళ్ళు బళ్ళో చివర కూర్చోరు, మీ పక్కన వచ్చి కూర్చుంటారు.